సిపాయి సొమ్ము, కోయవాని నేల

గడచిన శీతకాలమున మేము ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవుచు, గోదావరి వంతెనకు ఈవలనున్న సారపాకయొద్ద నొక టీ దుకాణమున కొంతసేపు ఆగితిమి. అచట మాకు పరిచయమైన పెద్దమనిషి పదునేడు సంవత్సరములు సైన్యమున కొలువుచేసి హవల్దారుగా విరమించినవాడు. మధిర ప్రాంతపు చిన్న రైతు కుటుంబమున పుట్టినవాడు. మేము పత్రికవారమని తెలిసినంతనే, చొక్కా లోపలి జేబునుండి ప్లాస్టికు కాగితమున చుట్టిన పత్రమొకటి తీసి మా చేతికిచ్చెను. నూరు రూపాయల స్టాంపు కాగితము, ఇద్దరు సాక్షుల చేవ్రాళ్లు, నోటరీ ముద్ర. రహదారి ప్రక్కన రెండువందల గజముల యింటిస్థలము తనకు విక్రయింపబడినట్లు అందు వ్రాసియున్నది. రిజిస్ట్రారు కార్యాలయపు ముద్రమాత్రము లేదు.

"సార్, మీరు చదువుకున్నవారు. ఈ కాగితం చెల్లుద్దా?" అని అతడడిగెను.

ఆ ప్రశ్నకు ఒక్క మాటలో ప్రత్యుత్తరము గలదు. ఆ మాట పలుకుటకు మాకు నోరాడలేదు. పింఛనులో భాగమును అమ్ముకొని తెచ్చిన సొమ్మంతయు ఆ కాగితములో నున్నదని అతడు అప్పటికే చెప్పియుండెను. నాటినుండి ఈ విషయమును గూర్చి మేము విచారించినదానిని, ఆలోచించినదానిని పాఠకుల యెదుట నుంచుచున్నాము. మా పాఠకులలో భూవసతి గలవారు పెక్కుమంది. బిడ్డలను సైన్యమునకు పంపినవారును కొలదిమంది కారు.

సిపాయికిని తక్కిన ఉద్యోగికిని ఉన్న భేదమును ముందుగా గుర్తింపవలెను. గుమాస్తా అరువదియేండ్ల ప్రాంతమున విరమించును. అప్పటికి పిల్లల చదువులు, పెండ్లిండ్లు చాలవరకు ముగిసియుండును. సిపాయి పదునైదేండ్ల సేవ పూర్తిచేసినచో పింఛనుకు అర్హుడగును; పెక్కుమంది నలువదియేండ్లు నిండకమునుపే ఇల్లు చేరుదురు. సివిలు ఉద్యోగి తన పింఛనులో నూటికి 40 వంతులు మాత్రమే రొక్కముగా మార్చుకొనగా, సైనికునకు సగమువరకు మార్చుకొను హక్కు గలదు. ఆ తగ్గిన భాగము మరల పింఛనులో చేరుటకు పదునైదేండ్లు పట్టును. దీనికి గ్రాట్యుటీ, భవిష్యనిధి, సెలవుల సొమ్ము తోడగును. ఇట్లు ఒక్క మాసములో, అంతకుముందు తానెన్నడు కన్నులజూడని ధనరాశి బ్యాంకులో పడును. ఊరిలో నెవరికి తెలియకున్నను స్థలముల దళారికి తెలియును. రైలు దిగిన వారమునాటికే ఇంటి అరుగుమీద రంగురంగుల నక్షా పరచియుండును.

ఇక 2022 జూన్ మాసమున ప్రకటింపబడిన అగ్నిపథ పథకము ఈ వయస్సును మరింత తగ్గించినది. నాలుగేండ్ల సేవ, పిమ్మట నూటికి ఇరువదియైదుగురికి మించకుండ స్థిరసేవలోనికి తీసికొందురు, తక్కినవారు పింఛను లేక, పథకము వెలువడిన నాటి లెక్క ప్రకారము సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధితో ఇల్లు చేరుదురు. ఇరువదిరెండు ఇరువదిమూడేండ్ల పిల్లవాని చేతిలో పదునొకండు లక్షలు! ఆ సొమ్ము భూమిపైకే పోవునని చెప్పుటకు జ్యోతిషము అక్కరలేదు.

పోవుటలో తప్పులేదు. నేలమీది మమకారము మన జాతికి నెత్తుటిలో నున్నది. సిపాయికి మరియు ఎక్కువ. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెము చేరువనున్న మాధవరమును జనులు మిలిటరీ మాధవరమని పిలుచుట అందరెరిగినదే. రెండు ప్రపంచ యుద్ధములకును ఆ యూరి బిడ్డలు తరలిపోయిరి. సరిహద్దు మంచులో కావలియున్నవాడు తన యూరిలో నాలుగు గోడలను, ఒక వేపచెట్టును తలచుకొని రాత్రులు గడపును. కాకతీయులు నాయంకరములిచ్చిరి, సేనను పోషించు నాయకునకు గ్రామముల రాబడియే జీతము. రణమున కూలిన వీరుని కుటుంబమునకు కన్నడ దేశపు రాజులిచ్చిన మాన్యమునకు శాసనములలో 'నెత్తరు కొడగె' యని పేరు. నెత్తురునకు బదులు నేల యని దాని భావము.

అయితే ఇచ్చిన నేల ఎవరిది? ఈ ప్రశ్నను చరిత్ర పలుమారు అడిగినది. క్రీస్తుపూర్వము 42వ సంవత్సరమున ఫిలిప్పీ యుద్ధమున గెలిచిన పిమ్మట రోమను నాయకులు వేలకొలది సైనికులను ఇండ్లకు పంపవలసివచ్చెను. వారికి చూపిన భూములు ఇటలీ రైతులవి. క్రెమోనా పట్టణపు నేల చాలక పొరుగుననున్న మాంటువా పొలములనుకూడ కొలిచిరి. మాంటువా వర్జిల్ మహాకవి జన్మస్థానము. అతని గోపకావ్యములలో మొదటిది, తన పొలమును సైనికునకు వదలి మేకలను తోలుకొని పోవు కాపరి దుఃఖముతోనే ఆరంభమగును. ఆ సైనికుడు దుష్టుడా? కాడు. రాజ్యము తన ఋణమును తన బొక్కసమునుండి గాక, నోరులేని వానినుండి తీర్చినది.

మన కౌటిల్యుడు ఈ విషయమున రోమనులకంటె దూరదృష్టి గలవాడని మాకు తోచును. బొక్కసము చిన్నదైన రాజు భృత్యులకు కొంత రొక్కమును, కొంత పశువులను, క్షేత్రములను ఇయ్యవచ్చునని చెప్పుచునే, శూన్యదేశమును క్రొత్తగా నివాసయోగ్యము చేయ బూనిన రాజుమాత్రము రొక్కమునే ఇయ్యవలెను గాని గ్రామమును ఇయ్యరాదని అతడు అర్థశాస్త్రమున నియమించెను. అడవి కొట్టి నిలిపిన సీమలో నేలను జీతముగా పంచిపెట్టినచో వ్యవహారము నిలువదని అతని యెరుక కాబోలు. ఆరు విధములైన సేనలలో ఆటవికబలమును కూడ అతడే లెక్కించెను. అడవివారు రాజ్యమునకు సైనికులేయని దాని తాత్పర్యము. ఈ మాటను ముందుముందు మరల ఎత్తుదుము.

ఇటీవలి కాలపు నిదర్శన మొకటి మన పూర్వపు మదరాసు రాజధానిలోనిదే. రెండవ ప్రపంచ యుద్ధము ముగియు దినములలో మదరాసు ప్రభుత్వము మలబారు జిల్లాలోని వయనాడులో మాజీ సైనికులకు కాలనీలు నెలకొల్పినది. అడవి ఖాళీగా నున్నదని కాగితములలో వ్రాసికొనిరి. అందు పణియలు, కురుమలు, నాయకులు అను ఆదివాసులు తరతరములుగా బ్రతుకుచుండిరి. కాలనీ వెంబడి బాటలు వచ్చినవి. బాటల వెంబడి మైదానపు జనులు వచ్చిరి. ఆదివాసి తన నేలమీద కూలివాడయ్యెను. ఆ భూమికొరకే 2003 ఫిబ్రవరిలో ముత్తంగ అడవిలో గుడిసెలు వేసికొన్న ఆదివాసులపై పోలీసు కాల్పులు జరిగినవి. సిపాయికి చేసిన మేలు అరువదియేండ్ల పిదపకూడ మరియొకని కంఠమునకు ఉరిగా మిగిలియుండుట ఎంత శోచనీయము!

భద్రాచలపు అడవియంచున నేడు ప్రభుత్వము కాలనీ వేయుటలేదు. దళారి వేయుచున్నాడు. భేదమంతయు అదియే.

ఈ సీమ స్వరూపమును కొంచెము వివరింతుము. గోదావరికి ఆవలి ఒడ్డున నున్న భద్రాచలము తాలూకా మొదట మధ్యపరగణాలలోనిదై, 1874లో గోదావరి జిల్లాలో కలిసినది. నూగూరు తాలూకాతోగూడ 1959లో ఖమ్మము జిల్లాకు వచ్చినది. ఈవలి ఒడ్డున నున్న పాల్వంచ, ఇల్లెందు తాలూకాలు నిజాము రాజ్యములోనివి. కావున ఆవలివానికి అడంగలు, ఈవలివానికి పహాణీ. ఒకే కోయ కుటుంబపు అన్నదమ్ములు ఏటికి ఇరువైపుల రెండు ప్రభుత్వముల రికార్డులలో నుండిరి. మైదానపు షావుకార్ల అప్పులకు అడవివారి భూములు కరగిపోవుట చూచి, మదరాసు ప్రభుత్వము 1917లోనే ఏజెన్సీ భూముల బదలాయింపును అదుపుచేయు చట్టము చేసినది. రాజ్యాంగము వచ్చిన పిమ్మట 1950లో షెడ్యూలు ప్రాంతములు ప్రకటింపబడినవి. 1959లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మొదటి రెగ్యులేషనును చేసినది. 1963లో అది తెలంగాణమునకు వ్యాపించినది. దానికి కోరలు మొలిచినది 1970 ఫిబ్రవరి 3వ తేదీన.

ఆ నాటి సవరణ ప్రకారము ఏజెన్సీలోని స్థిరాస్తిని ఎవ్వరైనను, గిరిజనుడు గాని గిరిజనేతరుడు గాని, గిరిజనునకు లేక గిరిజనులు మాత్రమే సభ్యులుగా గల సహకార సంఘమునకు తప్ప ఒరులకు బదలాయింపరాదు. చేసినచో ఆ బదలాయింపు శూన్యము. అమ్మకమే కాదు, కౌలు, దానము, మారకముకూడ బదలాయింపే. బ్యాంకుల తనఖా విషయమున మాత్రము 1971లో కొంత వెసులుబాటు కలిగినది. ఏజెన్సీలో గిరిజనేతరుని స్వాధీనమున నున్న ఆస్తి, వేరుగా రుజువగువరకు, గిరిజనునినుండి వచ్చినదిగానే భావింపబడును. రుజువు భారము స్వాధీనమున నున్నవానిదే. కొనువాడు దొరకని యెడల అమ్మదలచినవాడు ప్రభుత్వమునకు అప్పగించి పరిహారము పొందవచ్చును. 1978లో గిరిజనేతరుల పేర దస్తావేజులు రిజిస్టరు చేయుటయు నిరోధింపబడినది. అతిక్రమించినవానికి ఒక సంవత్సరమువరకు కారాగారము, రెండువేల రూపాయలవరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. ఈ సవరణను సుప్రీముకోర్టు 1988లో పి. రామిరెడ్డి కేసున సమర్థించినది. 1997 జూలై 11వ తేదీని సమత కేసున మరియొక అడుగు ముందుకు వేసి, ప్రభుత్వము సహితము ఏజెన్సీలోని తన భూమిని గిరిజనేతరునకు ఇయ్యజాలదని తీర్పు చెప్పినది.

ఇప్పుడు హవల్దారు జేబులోని కాగితమును మరల చూడుడు. నోటరీ ముద్ర ఏల, రిజిస్ట్రారు ముద్ర ఏల లేదు? దళారి "ఇక్కడ అందరూ ఇట్లే కొంటున్నారు, రేపో మాపో చట్టం మారుద్ది, అప్పుడు రేటు పదింతలు" అని చెప్పెనట. ఇట్టి మాట మేము అరువదేండ్లు దాటిన రైతులనోట కూడ వింటిమి. వారి తండ్రులకును ఎవరో ఇదే మాట చెప్పియుందురు. చట్టము మారునన్న ఆశయే అచటి సరుకు. నేల పేరుకు మాత్రమే.

వేరొక మోసముకూడ గలదు. ఒక గిరిజనుని పేర దస్తావేజు వ్రాయించి, డబ్బు సిపాయిచేత పెట్టించి, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ యొకటి చేతికిత్తురు. రాజస్థానపు ఎడారిలోనో, సిక్కిము కొండలలోనో కొలువున్నవాడు ఊరికి వచ్చి చూడలేడు గనుక ఈ పద్ధతి అతనికి అనుకూలముగా తోచును. జి.పి.ఏ. ద్వారా యాజమాన్యము సంక్రమింపదని సుప్రీముకోర్టు 2011 అక్టోబరులో సూరజ్ లాంప్ కేసున స్పష్టముగా చెప్పినది. ఏజెన్సీలో ఈ పని దుర్బలమే గాక దొంగతనమునకు ముసుగు. పోడు భూములకు 2006 నాటి అటవీ హక్కుల చట్టముక్రింద ఇచ్చిన పట్టాలనుకూడ కొందరు బేరము పెట్టుచున్నారు. ఆ హక్కు వారసులకు చెందును గాని అన్యులకు అమ్ముటకు వీలులేదని ఆ చట్టములోనే యున్నది.

చిక్కేమనగా, ఈ హద్దు కంటికి కానరాదు. నది దాటిన చోటనో, చెట్లు మొదలైన చోటనో ఏజెన్సీ ఆరంభము కాదు. ఇల్లెందు తాలూకానంతయు షెడ్యూలులో చేర్చుచు, 1950 నాటి ఉత్తర్వు ఇల్లెందు, సింగరేణి మొదలగు కొన్ని గ్రామములను, కొత్తగూడెము పట్టణమును వెలుపల నుంచినది. పాల్వంచ తాలూకాలోను కొన్ని గ్రామములకు అట్టి మినహాయింపే గలదు. ఒక గట్టుకు ఈవలి ప్లాటు చెల్లును, ఆవలిది చెల్లదు. ఖమ్మము జిల్లా ఉత్తరభాగమునను షెడ్యూలు గ్రామములు గలవు. కావున "ఖమ్మం జిల్లా కదా, మైదానమే" యని నమ్మరాదు. రెవెన్యూ గ్రామము పేరు, సర్వే నెంబరు తెలిసికొని, షెడ్యూలు పట్టికతో పోల్చి చూడవలెను. 2014లో కొన్ని మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. భద్రాచలము పట్టణము తెలంగాణమున నిలిచినది. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యేర్పడినది. జిల్లాలు మారిన మాత్రమున షెడ్యూలు మారలేదు.

హద్దును మించిన హద్దు గోదావరి గీయును. భద్రాచలముకడ 1986 ఆగస్టున నీరు 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును ఎక్కినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే వచ్చును. వేసవిలో నక్షా చూపినవాడు వరదలో కానరాడు. ఇది చట్టపు మాట కాకున్నను, కొనువాడు ఒక్కమారు శ్రావణమాసమున ఆ స్థలమును చూచుట మంచిది.

అమెరికావారు ఈ పనిని ఎట్లు చేసిరో కొంచెము చెప్పుదుము. 1944 జూన్ 22వ తేదీన రూజ్వెల్టు అధ్యక్షుడు సంతకము చేసిన శాసనముచే, సైనికుడు ఇల్లు కొనుటకు బ్యాంకు ఇచ్చు అప్పునకు ప్రభుత్వము పూచీపడెను. నేటికిని అచటి మాజీ సైనికుడు ముందు చెల్లింపు లేకయే ఇల్లు కొనగలడు. నాలుగు వాటాలవరకు గల ఇంటిని కొని, ఒక వాటాలో తాను కాపురముండి తక్కినవి అద్దెకిచ్చి అప్పు తీర్చుకొనువారును గలరు. ప్రభుత్వము ఇచ్చినది పూచీ. పొరుగువాని నేల కాదు. అయినను అందును మచ్చ గలదు: నల్లజాతి సైనికులకు చాలచోట్ల బ్యాంకులు అప్పు నిరాకరించినవి. మనదేశమున 1978లో ఏర్పడిన ఆర్మీ వెల్ఫేర్ హౌసింగ్ ఆర్గనైజేషన్ లాభాపేక్ష లేక సైనికులకు ఇండ్లు కట్టించుచున్నది. కాని మధిర సిపాయికి కావలసినది మహానగరపు అంతస్తుమీది గది కాదు, మధిర దాపున పెరడు గల ఇల్లు. జిల్లా పట్టణములలో అట్టి ఏర్పాటు విస్తరించినగాని దళారి అరుగుదిగడు.

సిపాయి సోదరునకు మేము చెప్పగలిగినది కొంత గలదు. ఖమ్మము, మధిరలవంటి షెడ్యూలు వెలుపలి చోట్ల కొనుము. 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుటు 2016 నాటి రెరా చట్టముక్రింద నమోదై యుండవలెను; ఆ నెంబరు అడుగుము. ముప్పదియేండ్ల ఇ.సి. తీయించుము. 2020లో వచ్చిన ధరణి స్థానమున 2025లో భూభారతి చట్టము వచ్చినది. తెరమీది పేరును మాత్రమే చూచి తృప్తిపడక, 1954–55 ఖాస్రా పహాణీవరకు వెనుకకు పొమ్ము. బ్యాంకు అప్పియ్యననిన స్థలమును నీవు రొక్కమిచ్చి కొనకుము. బ్యాంకు వకీలునకు తెలిసినదేదో నీకు తెలియకపోయినది. పింఛను మార్చిన సొమ్మంతయు ఒక్క సర్వే నెంబరులో పోయకుము. పదునైదేండ్లు తగ్గిన పింఛనుతోనే ఇల్లు గడవవలెనని మరువకుము. మొదట కాపురముండుటకు ఇల్లు, పిమ్మటనే అద్దెకు, లాభమునకు రెండవది.

భూస్వాములైన మా పాఠకులకు వేరొక మాట. ఏజెన్సీలో మీ తాతలనాటి స్వాధీనములు గలవారు మీలో కొందరున్నారు. వానిని గజములుగా కోసి, ఊరికి క్రొత్తగా వచ్చిన సిపాయికి తెల్లకాగితముమీద అంటగట్టుట వ్యాపారమనిపించుకొనదు. చట్టము మీపై విచారణ జరుపునాడు ఆ భారమును పింఛనుదారుని నెత్తిన వేసి తప్పించుకొనుట యది. అమ్మినవానికి సొమ్ము ముట్టినది. కొన్నవానికి నోటీసు ముట్టును.

కౌటిల్యుని ఆటవికబలమును మరల ఎత్తుదుమని చెప్పితిమి. ఏజెన్సీ కోయపిల్లవాడు సైన్యమున చేరి విరమించి వచ్చినచో, గిరిజనుడగుటచే ఇచట చట్టబద్ధముగా భూమి కొనగల సైనికుడు అతడే. అట్టివానికి తోడ్పడి, అమ్మదలచిన గిరిజనేతరులనుండి న్యాయమైన ధరకు భూమి ఇప్పించు పని ఐ.టి.డి.ఏ.యు, సైనిక సంక్షేమ కార్యాలయమును కలిసి చేపట్టిన యెడల, సైనికుని ఋణమును అడవివాని ఋణమును ఒక్కసారిగా తీరును. దీనికి క్రొత్త చట్టము అక్కరలేదు.

హవల్దారు మాట మిగిలినది. నాడు అతనికి నిజము చెప్పితిమి. అతడు కొంతసేపు గోదావరి వైపు చూచి, "నాకు అనుమానం ఉండనే ఉంది సార్. పునాది తవ్విస్తుంటే ఒక ముసలామె వచ్చి గట్టుమీద నిలబడింది. ఏమీ అనలేదు. సాయంత్రం దాకా నిలబడి వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు" అనెను. ఆ నేల ఆమె భర్త పేర పాత రికార్డులలో నున్నదని పిమ్మట తెలిసినదట.

మొన్న అతనియొద్దనుండి జాబు వచ్చినది. భూబదలాయింపు కేసులు విచారించు అధికారి యెదుట హాజరై, ఆ స్థలముపై తనకెట్టి హక్కును లేదని తానే వ్రాసి యిచ్చెనట. దళారి ఫోను పలుకుటలేదు. సొమ్ము రాలేదు. ప్రస్తుతము ఖమ్మములో ఒక బ్యాంకు ద్వారమున తుపాకి పట్టి కావలి కాయుచున్నాడు. తవ్విన పునాదిని ముసలామె మనుమలు పూడ్చి, ఈ వానకాలము అందులో మొక్కజొన్న వేసిరని, ఒకనాడు బస్సులో పోవుచు చూచితినని చివర వ్రాసినాడు.